ఇరవైనాలుగు నిమిషాల ఆలస్యం

గ్లాసు నిండా నీళ్ళున్నాయి. గ్లాసుకి జానెడు దూరంలో మనిషి చెయ్యి ఉంది. ఆ మనిషి దాహంతో చచ్చిపోయాడు.

ఒంటిమీద గాటు లేదు. కట్టేసిన గుర్తులు లేవు. తలుపుకి గడియ కూడా లేదు. నాలుగు రోజులు ఆ కుర్చీలో కళ్ళు తెరుచుకునే కూర్చుని, ఎదురుగా నీళ్ళుండగా తాగబుద్ధి కాక పోయాడని పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు రాశాడు. రాశాక, కింద సంతకం పెట్టడానికి ఒక పూటంతా ఆలోచించాడట.

ఆ ఫొటోలన్నీ బల్లమీద పరిచి, విభాగాధిపతి కళ్ళజోడు తీశాడు. ఆయన్ని ఆఫీసులో అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా నిలబడ్డవాడి పేరు రికార్డుల్లో ఒకటి, ఆఫీసులో ఇంకొకటి. రసాయనశాస్త్రంలో డిగ్రీ చేసి, నీటి బొట్టులో యాభయ్యో వంతుని కొలవగలడు కాబట్టి వాణ్ణి మైక్రో అని పిలుస్తారు. వాళ్ళింట్లో పట్టా అందుకున్న మొదటివాడు వాడే. అందుకే ఏ పని చెప్పినా పరీక్ష రాస్తున్నట్టు చేస్తాడు.

"గుర్తుపట్టావా?"

మైక్రో ఒక ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. "మన తాతయ్య, సార్."

తాతయ్య అంటే వరసకి తాతయ్య కాదు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసున్న ఏజెంటు. మైక్రోకి సిరంజి పట్టుకోవడం నేర్పినవాడు.

"మెదడు పరిశోధన పేరుతో ఒక విదేశీ ముఠా ఇక్కడ ల్యాబ్ పెట్టింది. తాతయ్యని అందులో ఆపరేటర్‌గా పంపాను. వాళ్ళ దగ్గర ఒక గ్యాస్ ఉందని కబురు చేశాడు. వాసన లేదు, రంగు లేదు. ఆ తర్వాత వచ్చింది కబురు కాదు, ఈ ఫొటోలు."

పెద్దాయన ఒక కాగితం ముక్క ముందుకు తోశాడు. చార్ట్ పేపరు చింపిన ముక్క. దానిమీద పెన్సిల్‌తో 24 అని రాసి, చుట్టూ సున్నా చుట్టబోయినట్టుంది. ఆ సున్నా సగం తిరిగి, అక్కడే ఆగిపోయింది. పూర్తిచేయాలన్న కోరిక కూడా చచ్చిపోయిందన్నమాట.

"ఊళ్ళో ఇరవైనాలుగో నంబరు ఇళ్ళన్నీ సోదా చేయించాను. ఇరవైనాలుగో తారీఖు రైళ్ళన్నీ ఆపించాను. తిట్లు తప్ప ఏమీ దొరకలేదు."

"ఇంటి నంబరు కాదు సార్. నిమిషాలు."

"ఏం నిమిషాలు?"

మైక్రో కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఎలుక బతికుండగానే దాని మెదడులో ఏం జరుగుతోందో కొలిచే పద్ధతి ఒకటుంది. తలలోకి సన్నటి సూది దింపుతారు. దాన్ని ప్రోబ్ అంటారు. ఒక గొట్టంలోంచి ఉప్పునీళ్ళు లోపలికి వెళ్ళి, మెదడులో ఉన్న రసాయనాన్ని కొంచెం పట్టుకుని, ఇంకో గొట్టంలోంచి బయటికొస్తాయి. నిమిషానికి ఒక్క మైక్రోలీటరు. చీమ నడక కూడా కాదు. గొట్టం దాటడానికి పద్నాలుగు నిమిషాలు. సీసాలో చేరడానికి అయిదు. మెషీన్ లెక్క తేల్చడానికి ఇంకో అయిదు."

"ఇరవైనాలుగు."

"అవును సార్. మెషీన్ ఇప్పుడు చూపించేది ఎలుక తలలో ఇరవైనాలుగు నిమిషాల కిందట జరిగింది. దాన్ని లాగ్ అంటాం. తాతయ్య మీద గ్యాస్ వదిలినప్పుడు పక్కన ఎలుకని పెట్టి, దాని మెదడులో రసాయనం ఎంతుందో అంకె చూసుంటారు. అంకె పడగానే గ్యాస్ ఆపారు. కానీ అప్పటికే ఇరవైనాలుగు నిమిషాలు ఎక్కువ పీల్చేశాడు." కాగితాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. "చచ్చిపోతూ కూడా వాళ్ళ తప్పు దిద్దాడు సార్ ఆయన."

పెద్దాయన ఫొటోలన్నీ ఎత్తి ఫైల్లో పెట్టాడు.

"ఆపరేటర్ పోస్టు ఖాళీగా ఉంది. రేపటినుంచి అది నీది" అన్నాడు పెద్దాయన. "కెమెరా పెన్ను, ట్రాన్స్‌మిటర్ గుండీ స్టోర్స్‌లో తీసుకో. లోపల ఒకామె ఉంది. ఎలుకలకి సర్జరీ చేస్తుంది. వెల్వెట్ అంటారు. మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. చివరికి ఎవరి మనిషో నాకూ తెలీదు. కోడ్ రాసుకోకు, గుర్తుపెట్టుకో. ఏడు మైక్రాన్ల తీగ ఉందా అని అడుగు. ఉండేది, వంగిపోయింది అంటే మన మనిషి."

"వేరే ఏదన్నా అంటే?"

"అప్పట్నుంచి నువ్వు అక్కడ ఏమీ తాగకు."

*

మర్నాడు పొద్దున్నే మైక్రో చొక్కాకి గుండీ ఊడిందేమోనని వాడి అక్క వెనక్కి లాగి చూసింది. ట్రాన్స్‌మిటర్ గుండీ మిగతావాటికంటే కాస్త పెద్దది.

"ఇదేం గుండీరా, బొత్తిగా మ్యాచ్ కాలేదు?"

"దొరికింది కుట్టుకున్నాను లే అక్కా."

"ఏం ల్యాబో ఏం పాడో. ఎలుకల తలకాయలు చూడ్డానికా నిన్ను అంత చదివించింది? చిన్నోడా, పెళ్ళిచూపుల్లో మాత్రం ఆ ముక్క చెప్పకు."

అక్క టైపు కొట్టి వాణ్ణి చదివించింది. తను మాత్రం కాలేజీ గడప తొక్కలేదు. రేడియో వింటూ మూడు భాషలు నేర్చుకుని, ఇప్పుడు పెద్ద పెద్ద సభల్లో దుబాసీగా కూర్చుంటోంది. వచ్చే వారం రెండు దేశాల మధ్య నదీజలాల ఒప్పందం. మాటలన్నీ అక్క గొంతులోంచే అటూ ఇటూ వెళ్ళాలి.

"అంత గబగబా ఎలా మారుస్తావే?" అన్నాడు వాడు చెప్పులు తొడుక్కుంటూ.

"వాళ్ళకంటే ఒక్క ఊపిరి వెనక ఉండాలి, అంతే. ఒక్కటే. రెండైతే నేను తప్పిపోయినట్టు."

*

ల్యాబ్ చల్లగా, శుభ్రంగా, ఆసుపత్రికీ బ్యాంకుకీ మధ్యరకంగా ఉంది. గాజు తొట్టెలో తెల్లటి ఎలుక. దాని తలమీద చిన్న టోపీలాంటిది, దానిలోంచి పైకి వెంట్రుకంత సన్నటి గొట్టాలు రెండు. ఎలుక ఎటు తిరిగినా గొట్టాలు మెలిపడకుండా పైన ఒక తిరుగుడు బిళ్ళ. తొట్టెకి తాతయ్య చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది: "మేనేజర్". తలకి తాడు కట్టించుకుని రోజంతా ఏ పనీ చెయ్యకుండా తిరిగేది ఇంకెవరని ఆయన ఉద్దేశం. మైక్రో ఆ చీటీని కాసేపు చూసి, చూడనట్టు పక్కకి తిరిగాడు.

వెల్వెట్ అప్పుడే వచ్చింది. నల్లటి వెల్వెట్ కోటు, దానికి తగ్గ చేతితొడుగులు. ఆమె కంటే ముందు ఆమె సెంటు గదిలోకి వచ్చింది. తొడుగులు ఊడదీస్తే లోపల వేళ్ళు మాత్రం కంసాలి వేళ్ళలా ఉన్నాయి, సన్నగా, వణుకు లేకుండా. ఎలుక పుర్రెలో వెంట్రుకవాసి తేడా లేకుండా సూది దింపే వేళ్ళు.

మైక్రో గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీ దగ్గర ఏడు మైక్రాన్ల తీగ ఉందా?"

ఆమె వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. గుండీ దగ్గర చూపు ఒక క్షణం ఆగింది.

"స్టోర్స్‌లో అడగండి."

ఆ రోజునుంచి మైక్రో ఆ బిల్డింగులో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

ఎనిమిది రోజులు గడిచాయి. వాడు ఎనిమిది రోజులూ బుద్ధిగా పనిచేశాడు. సీసాలు మార్చాడు, సిరంజితో అయిదు మైక్రోలీటర్లు తీసి మెషీన్‌కి ఎక్కించాడు, చార్టుమీద పెన్ను గీసిన శిఖరాల ఎత్తు కొలిచాడు. ఆ శిఖరం పేరు డోపమిన్. మనిషిని లేపి నీళ్ళ గ్లాసు దాకా నడిపించేది అదే. అది పోతే దాహం ఉంటుంది, నీళ్ళుంటాయి, చెయ్యి మాత్రం లేవదు. గ్యాస్ ఎక్కడ దాచారో, ఎవరిమీద వదులుతారో ఒక్క మాటా బయటికి రాలేదు.

తొమ్మిదో రోజు పొద్దున డైరెక్టర్ వాణ్ణి తన గదికి పిలిచాడు. బట్టతల, మెత్తటి మాట, పరాయి యాస. ఈ భాషని పుస్తకం చూసి నేర్చుకున్నవాడిలా ఒక్కో మాటా విడివిడిగా పెడతాడు.

"మీ పెన్ను ఇటు ఇవ్వండి."

ఇచ్చాడు.

"గుండీ కూడా."

మైక్రో చొక్కా వంక చూసుకున్నాడు. గుండీ తెంపి బల్లమీద పెట్టాడు.

"కంగారు పడకండి. ఇవాళ అందరివీ తీసుకుంటున్నాం. మీది మాత్రం మ్యాచ్ కాలేదు. మా వెల్వెట్‌కి బట్టల సంగతి బాగా తెలుసు. అయినా ఆ మెషీన్ నడపగలిగేది మీరొక్కరే."

కళ్ళకి గంతలు కట్టి వ్యాన్ ఎక్కించారు.

*

గంతలు విప్పేసరికి అదొక నేలమాళిగ. పైకప్పు నిండా గాలి గొట్టాలు. వాటిల్లో ఒకటి వంగి వచ్చి మేనేజర్ ఉన్న గాజు తొట్టెలోకి దిగింది. తొట్టెకి గట్టిగా మూత బిగించి ఉంది. మెషీన్, చార్టు, సిరంజిలు అన్నీ తెచ్చి అమర్చారు. తలుపు దగ్గర తుపాకీతో ఒకడు నిలబడ్డాడు. గోడమీద స్పీకరు ఒకటి. పక్కన గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

"పైన ఒక హాలుంది" అన్నాడు డైరెక్టర్. "నలభై రెండు మంది. వాళ్ళు పీల్చే గాలే ఈ ఎలుకా పీలుస్తుంది. డోపమిన్ నూటికి ముప్ఫైకి దిగితే మనిషి చెప్పినట్టు వింటాడు. సంతకం పెట్టమంటే పెడతాడు. సుమారు నలభై నిమిషాలు పడుతుంది. అంకె ముప్ఫైకి రాగానే మీరు చెప్పాలి. నేను వాల్వు మూయిస్తాను. మా మనుషులు కొత్త కాగితం పట్టుకుని లోపలికి వెళ్తారు."

"ముప్ఫై దాటితే?"

"దాటితే వాళ్ళు కలం కూడా ఎత్తరు." డైరెక్టర్ నవ్వాడు. "నీళ్ళ గ్లాసూ ఎత్తరు."

స్పీకరు స్విచ్ నొక్కాడు. ఎవరో పెద్దమనిషి పరభాషలో నది గురించి మాట్లాడుతున్నాడు. ఒక్క ఊపిరి తర్వాత, స్పష్టంగా, తీరిగ్గా, ఇంకో గొంతు ఆ మాటల్నే ఇటువైపు భాషలో చెప్పింది.

అక్క గొంతు.

మైక్రో చేతిలో సిరంజి ఉంది కాబట్టి చెయ్యి కదలనివ్వలేదు. తాతయ్య నేర్పిన మొదటి పాఠం అదే.

పదిన్నరకి డైరెక్టర్ ఫోన్‌లో ఒకే మాట అన్నాడు. "తెరవండి."

మైక్రో లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే? ఎలుక తలలో ముప్ఫై అయ్యేది పదకొండూ పదికి. మెషీన్ ఆ మాట చెప్పేది పదకొండూ ముప్ఫై నాలుగుకి. అప్పటికి పైన నలభై రెండు మందీ తాతయ్యలే. అంకె పడలేదని అబద్ధం చెబితే గ్యాస్ ఇంకా ఎక్కువ వదులుతారు. అరుద్దామంటే తలుపు దగ్గర తుపాకీ. ఇక మిగిలింది ఒక్కటే అబద్ధం. అంకె పడకముందే పడిందని చూపించాలి. వాల్వు తొందరగా మూతపడాలి. వాళ్ళ మనుషులు, ఇంకా బుర్ర పనిచేస్తున్న హాల్లోకి, చేతిలో దొంగ కాగితంతో నడిచి వెళ్ళాలి.

మాటతో చెబితే నమ్మరు. చార్టే చెప్పాలి.

పది ముప్ఫై ఒకటి. సీసాలోంచి అయిదుకి బదులు మూడున్నర మైక్రోలీటర్లే తీశాడు. మిగతాది ఉత్త ఉప్పునీళ్ళు. ఆ సూదిలో మూడున్నరకీ అయిదుకీ తేడా చీమ కాలంత. పక్కనే నిలబడ్డ డైరెక్టర్‌కి అది కనబడదు. మైక్రోకి కనబడటానికే పదేళ్ళు పట్టింది. చార్టుమీద పెన్ను లేచింది, ఎప్పటికంటే పొట్టి శిఖరం గీసింది.

"డెబ్భై" అన్నాడు మైక్రో.

స్పీకర్లో అక్క మాట్లాడుతోంది. ఒక్క ఊపిరి వెనక.

తర్వాతి సీసా. రెండుంబావు.

"నలభై అయిదు."

స్పీకర్లో పెద్దమనిషి వాక్యం ముగించాడు. ఒక ఊపిరి. ఇంకో ఊపిరి. అప్పుడు అక్క అందుకుంది.

రెండు. మైక్రో లెక్కపెట్టాడు. మెషీన్‌కి ఇరవైనాలుగు నిమిషాల లాగ్ ఉంది. అక్క గొంతుకి లేదు. గ్యాస్ అప్పుడే ఆమెని పట్టుకుంది.

వెల్వెట్ చార్టు వైపు చూస్తోంది. తర్వాత గడియారం వైపు చూసింది. తర్వాత ఎలుక తలమీది గొట్టాన్ని, ఈ కొసనుంచి ఆ కొసదాకా, నెమ్మదిగా చూసింది. ఆమె లెక్క వేస్తోందని వాడికి తెలిసిపోయింది. గ్యాస్ తెరిచి పదిహేను నిమిషాలు కూడా కాలేదు. గొట్టంలో నీళ్ళు ఇంకా పాతవే, గ్యాస్ సంగతి ఎరగని నీళ్ళు. ఆ నీళ్ళలో డోపమిన్ ఎలా పడిపోతుంది? అది జరగని పని. ఇదేమిటని మొదటి సంవత్సరం విద్యార్థి కూడా అడుగుతాడు.

మూడో సీసా. ఒకటిన్నర కంటే ఒక వెంట్రుకవాసి తక్కువ.

పది నలభై ఆరు. "ఇరవై తొమ్మిది, సార్. మూయించండి."

డైరెక్టర్ ఫోన్ ఎత్తి, మళ్ళీ ఆగాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇంత త్వరగానా? ఆ పోయిన ముసలాయన... ఏదో అన్నాడు. ఇరవైనాలుగు, ఇరవైనాలుగు అని గోల పెట్టాడు. గొట్టంలో ఆలస్యం అన్నాడు. నేను ఆ రోజు వినలేదు." వెల్వెట్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఇది ఎలా సాధ్యం?"

స్పీకర్లో పెద్దమనిషి ఏదో అడిగి ఆగాడు. ఒక ఊపిరి. రెండు. మూడు. అక్క మాట్లాడలేదు.

వెల్వెట్ చేతితొడుగు తొడుక్కుంటూ, విసుగ్గా అంది:

"నిన్న నేనే గొట్టం పొట్టిది వేశాను. ఏడు మైక్రాన్ల తీగ పెట్టి పాతదాన్ని సాఫు చెయ్యబోయాను. ఉండేది బాగానే, వంగిపోయింది."

మైక్రో తల ఎత్తలేదు. ఎత్తితే మొహం చెప్పేస్తుంది.

"మూసెయ్యండి" అన్నాడు డైరెక్టర్ ఫోన్‌లో. "మనవాళ్ళని పంపండి."

పైన తలుపు తెరుచుకున్న చప్పుడు స్పీకర్లో వినబడింది. బూట్ల చప్పుడు. ఎవరో గట్టిగా, పరభాషలో, హుకుం జారీచేసినట్టు ఒక వాక్యం అన్నాడు. తర్వాత నిశ్శబ్దం. హాలంతా నిశ్శబ్దం. డైరెక్టర్ మొహంలో నవ్వు నెమ్మదిగా విచ్చుకుంది.

మైక్రో లెక్కపెడుతున్నాడు. నాలుగు. అయిదు. వాడికి కనబడుతున్నది చార్టు కాదు, ఒక చెయ్యి, దానికి జానెడు దూరంలో నీళ్ళ గ్లాసు. ఆరు. మాట్లాడు అక్కా. ఒక్క మాట. ఏడు.

"క్షమించాలి" అంది అక్క గొంతు, మత్తుగా, కానీ అక్షరం పొల్లుపోకుండా. "ఇప్పుడు లోపలికి వచ్చిన ఆయన, మన గార్డుని తుపాకీ ఇచ్చెయ్యమంటున్నారు. అందర్నీ నోరు మూసుకుని ఈ కాగితంమీద సంతకాలు పెట్టమంటున్నారు. ఆయన వాడిన మర్యాద లేని మాట ఒకటుంది. దాన్ని కూడా అనువదించమంటారా?"

ఒక్కసారిగా కుర్చీలు పడ్డాయి. కేకలు. "పట్టుకోండి!" "కాగితం లాక్కోండి!" గార్డుకి తుపాకీ ఎటు తిప్పాలో అర్థమైనట్టే ఉంది.

తలుపు దగ్గరివాడు పైన గలభా విని మెట్లవైపు పరిగెత్తాడు. డైరెక్టర్ కోటులోంచి పిస్తోలు తీసి మైక్రో నుదుటికి గురిపెట్టాడు.

"అంకె అబద్ధం" అన్నాడు. ఇప్పుడు ఆ మాటల మధ్య ఖాళీలు లేవు.

"అంకె నిజమే సార్. కొలిచిన నీళ్ళే తక్కువ."

వేలు ట్రిగ్గర్‌మీద బిగిసింది. అంతలో డైరెక్టర్ మెడ పక్కన ఏదో కుట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. కళ్ళు తేలిపోయాయి. పిస్తోలు పేలింది, గుండు పైకప్పులోని గొట్టానికి తగిలి టంగుమంది. మనిషి మడతమంచంలా కుప్పకూలాడు. వెనక వెల్వెట్, చేతిలో ఖాళీ సిరంజి.

"ఎలుకకి ఇచ్చే మత్తుమందే" అంది. "బరువునిబట్టి డోసు లెక్కకట్టాను. ఆయనకి కాస్త ఎక్కువే పట్టింది."

"మొదటిరోజే కోడ్ చెప్పుంటే ఎనిమిది రోజులు నీళ్ళు లేకుండా చచ్చేవాణ్ణి కాదు కదా మేడమ్?"

"మొదటిరోజు మీ గుండీ చూస్తే నమ్మాలనిపించలేదు. అది వాళ్ళు కూడా కనిపెట్టేవాళ్ళే, అందుకే ముందుగా నేనే చెప్పాను. నామీద వాళ్ళకి నమ్మకం కుదరాలిగా." ఆమె తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ముసలాయన ఆ రోజు నన్ను కూడా పిలిచి చెప్పాడు, ఇరవైనాలుగు అని. అప్పుడు నేను నోరు తెరవలేదు."

ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆ చేతివేళ్ళు కదిలాయి. తర్వాత సెంటు వాసన ఒక్కటే మిగిలింది.

*

హాల్లోంచి కబురందుకుని మన వాళ్ళతోపాటు పెద్దాయన మెట్లు దిగి వచ్చేసరికి పది యాభై నాలుగైంది. గ్యాస్ సిలిండర్ దొరికింది. ముఠా మొత్తం దొరికింది. గ్యాస్ ఫార్ములా ఉన్న నోటుబుక్కు మాత్రం దొరకలేదు.

"వెల్వెట్ పట్టుకెళ్ళిందంటావా?" అన్నాడు పెద్దాయన. "ఇంతకీ ఆవిడ మన మనిషేనా?"

"చెప్పడానికి కొంత లాగ్ ఉంటుంది సార్."

చార్టుమీద పెన్ను తన పాటికి తాను గీస్తూనే ఉంది. ఈసారి మైక్రో పూర్తిగా అయిదు ఎక్కించాడు. శిఖరం నిజంగానే కొంచెం పొట్టిగా వచ్చింది. ఇరవైనాలుగు నిమిషాల కిందటి గ్యాస్ కబురు ఇప్పుడు చేరింది. ఎవరికీ అక్కర్లేకపోయినా వాడు దాన్ని కొలిచి, టైము వేసి రాసుకున్నాడు. తొట్టె మూత తీసి, అందులో మంచినీళ్ళ సీసా తగిలించాడు. మేనేజర్ చాలాసేపు దానివంక చూసింది. చాలాసేపు. తర్వాత మెల్లగా లేచి, తలమీది తాడుతో సహా నడిచి వెళ్ళి, నాలుక చాపింది.

పైకి వెళ్తే అక్కకి అసలు ఉద్యోగం తెలిసిపోతుంది. మైక్రో ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు.

"అక్కా, నీళ్ళు తాగావా?"

"తాగుతున్నాను. ఎందుకురా అలా ఆయాసపడుతున్నావ్?"

"తాగు. ఇంకా తాగు. చప్పుడు వినబడాలి."

"నీకు పిచ్చి పట్టిందా?" గుటకల చప్పుడు వినబడింది. ఒకటి, రెండు, మూడు. వాడు గోడకి జేరబడ్డాడు. "ఇక్కడ ఏం గొడవ జరిగిందో సాయంత్రం చెప్తాను గానీ, నా పరువు మాత్రం పోయింది చిన్నోడా. సభలో ఆవలింతలొచ్చి ఏడు ఊపిర్లు వెనకబడ్డాను. నీకేం, ఎలుకల మధ్య కూర్చుంటావ్, ఒక్క మాట వెంటనే చెప్పక్కర్లేదు."